పడకకు బదులు పని: బయల్దేరే ముందు ఏం అడగాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం మీద ఉన్నాయి. బసకు డబ్బు కట్టకుండా, ఉన్నచోట పని చేసి పెట్టి, అలా ఊళ్లు తిరగడం గురించి. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. అలాంటి సందేహంతో ఇంట్లో కూర్చున్న అమ్మాయిలు ఇంకా చాలామంది ఉంటారని నాకు తెలుసు.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 23 ఏళ్లు. బీటెక్ అయింది. ఉద్యోగం వచ్చింది గానీ జాయినింగ్ డేట్ వెనక్కి జరుపుతూనే ఉన్నారు. ఖాళీగా కూర్చోలేక హిమాచల్‌లో జీభీ దగ్గర టూరిస్టులు దిగే ఒక హాస్టల్ వాళ్లకు మెసేజ్ పెట్టాను. నెల రోజులు ఉండొచ్చు, బెడ్ ఫ్రీ, రెండు పూటలా భోజనం, తమకు కాస్త హెల్ప్ చేస్తే చాలు అన్నారు. అక్టోబరులో వెళ్దామని ఉంది. అమ్మకు ఒకటే టెన్షన్. నాకు హిందీ అంతంతమాత్రం. పైగా నేను ఎవరితోనూ తొందరగా కలవలేను. అంత దూరం వెళ్లి ఒక మూల కూర్చుంటానేమోనని భయం. వెళ్లమంటారా?
— పేరు వద్దన్న పాఠకురాలు, భీమవరం

జవాబు: వెళ్లమ్మా. అక్టోబరు మంచి నెల కూడా. వానాకాలంలో అయితే నేనే వద్దనేదాన్ని. 2023 జూలైలో బియాస్ పొంగి కులూ–మనాలి రోడ్డు ఎలా కొట్టుకుపోయిందో అందరం టీవీల్లో చూశాం. అక్టోబరుకల్లా ఆకాశం తేటపడుతుంది. రాత్రిళ్లు మాత్రం మన వైపు వాళ్లకు గట్టి చలే. స్వెట్టర్ ఒక్కటే సరిపోదు.

అయితే టికెట్ తీసుకునే ముందు ఆ హాస్టల్ వాళ్లతో ఇంకోసారి మాట్లాడు. మెసేజ్ కాదు, ఫోన్. మొదట అడగాల్సింది రోజుకు ఎన్ని గంటల పని అని. ఈ పద్ధతిలో మామూలుగా నడిచే లెక్క నాలుగైదు గంటలు, వారానికి ఐదు రోజులు. అంతకు మించి అడుగుతుంటే వాళ్లకు కావాల్సింది జీతం ఇవ్వక్కర్లేని ఉద్యోగి. అక్కడికి వెళ్లొద్దు. గంటలు చెప్పకుండా "మనది ఫ్యామిలీలాగే ఉంటుంది" అని దాటేసినా వెళ్లొద్దు. ఒప్పుకున్న గంటలు, సెలవు రోజులు, ఏయే పూట భోజనం అన్నది ఫోన్ అయ్యాక నువ్వే వాట్సాప్‌లో రాసి పంపి, వాళ్లచేత సరే అనిపించుకో.

పని ఎలా ఉంటుందో చెబుతాను, ముందే తెలిస్తే బెదరవు. ఢిల్లీ నుంచి మనాలి వెళ్లే వోల్వోలు జీభీ వెళ్లేవాళ్లను పొద్దున్నే ఔట్ అనే ఊరి దగ్గర దింపేస్తాయి, సొరంగం ఇవతల. అక్కడ లోకల్ బస్సు పట్టుకుని బంజార్ మీదుగా వస్తారు. రాత్రంతా నిద్రలేని ముఖాలతో బ్యాగులు మోసుకుని హాస్టల్ గుమ్మంలో నిలబడతారు. నిన్నటివాళ్లేమో ఇంకా పడకలు ఖాళీ చేసి ఉండరు. వచ్చినవాళ్లకు టీ ఇచ్చి కూర్చోబెట్టడం, ఆధార్ చూసి రిజిస్టర్‌లో రాయడం, ఖాళీ అయిన పడకల దుప్పట్లు, దిండు గలీబులు మార్చడం, బాత్రూమ్‌లో గీజర్ వెలుగుతోందో లేదో చూడటం, అన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే. మధ్యాహ్నం అంతా నీదే. సాయంత్రం మళ్లీ కాసేపు కౌంటర్ దగ్గర, లేదంటే వంటింట్లో ఉల్లిపాయలు. కొందరు రీల్స్ తీసిపెట్టమని కూడా అడుగుతారు. అది కూడా పనే, దాన్నీ గంటల్లో కలిపించు.

రెండో ప్రశ్న పడక గురించి. శుక్ర, శనివారాల్లో ఢిల్లీ, చండీగఢ్ జనం వచ్చి పడతారు. హాస్టల్ నిండితే ముందు ఖాళీ చేయించేది వాలంటీర్ల పడకలే. కామన్ రూమ్‌లో పరుపు వేసుకోమంటారు, లేదా బయట టెంట్‌లో. ఆడపిల్లవు, ఆ చలిలో టెంట్ ఏమిటి? "వీకెండ్‌లో కూడా నా బెడ్ లేడీస్ డార్మ్‌లోనే ఉంటుందా, లాకర్‌కు తాళం ఉందా?" అని సూటిగా అడుగు. రాత్రి డ్యూటీ ఒంటరిగా చేయనని కూడా ఇప్పుడే చెప్పెయ్. ఆధార్ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకు, కాపీ చాలు. డిపాజిట్ అడిగితే మాటలు అక్కడితో ఆపెయ్. తిరుగు ప్రయాణం డబ్బు మాత్రం వేరే అకౌంట్‌లో ముట్టుకోకుండా ఉంచుకో. నచ్చకపోతే మర్నాడే బస్సెక్కగలిగేలా ఉండాలి.

మూడోది ఎవరూ అడగరు గానీ, నేను తప్పకుండా అడగమంటాను. నువ్వు చేయబోయే పని ఇంతకుముందు ఎవరు చేసేవారు? ఆ ఊరి అమ్మాయి ఎవరైనా జీతానికి చేస్తుంటే, ఆమెను మాన్పించి నీలాంటి చదువుకున్న పిల్లల్ని ఉచితంగా పెట్టుకుంటుంటే, అలాంటి చోట నీకు పడక దొరికినా మనసుకు బాగుండదు. మంచి హాస్టళ్లలో వంటకు, క్లీనింగ్‌కు జీతం మనుషులు ఉంటారు. వాలంటీర్ వాళ్ల పక్కన నిలబడి చేయి వేస్తుందంతే.

నేను జాగ్రఫీ లెక్చరర్‌గా రిటైరయ్యాక ఒక సీజన్ సిమ్లా జిల్లా కోట్‌గఢ్ వైపు ఆపిల్ తోటలో ఇలాగే ఉన్నాను. అమెరికా నుంచి వచ్చి అక్కడే స్థిరపడిన శామ్యూల్ స్టోక్స్ పోయిన శతాబ్దం మొదట్లో రెడ్ డెలీషియస్ మొక్కలు నాటింది ఆ కొండల్లోనే. క్లాసులో ఏళ్లపాటు చెప్పిన పాఠం అది. అక్కడ కోతకు ఎక్కువగా నేపాల్ నుంచి వస్తారు. కూలికి వచ్చిన ఒక నేపాలీ దీదీ నాకు కాయ కోయడం నేర్పింది. లాగకూడదు. అరచేతిలో కాయను పట్టుకుని, పైకి ఎత్తి, కొంచెం తిప్పితే తొడిమతో సహా చేతిలోకి వస్తుంది. తొడిమ ఊడిన కాయకు రేటు తగ్గుతుంది, నిలవ కూడా ఉండదు. నా బుట్టలో తొడిమ లేనివి ఏరి, ఏమీ అనకుండా నా ఒళ్లో పెట్టేది. సాయంత్రానికి ఏరాల్సిన పని లేకుండా పోయింది. తర్వాత సైజుల వారీగా కాయలు ట్రేల్లో పేర్చేటప్పుడు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెకు తెలుగు రాదు, నాకు నేపాలీ రాదు, ఇద్దరిదీ విరిగిన హిందీయే. వాళ్ల ఊళ్లో అత్తగారి దగ్గర వదిలి వచ్చిన ఇద్దరు పిల్లల గురించి, నేను పోగొట్టుకున్న మా అక్క గురించి ఆ కాయల మధ్యనే చెప్పుకున్నాం. దసరాకీ దీపావళికీ ఇప్పటికీ ఫోన్ చేసుకుంటాం.

ఆమెకు కూలి వచ్చేది, నాకు రాదు. అందుకే తోట యజమానికి ఒక మాట ముందే చెప్పాను: నేను ఉన్నానని ఒక మనిషిని తగ్గించొద్దు అని. ఆయన ఒప్పుకున్నాకే ఉన్నాను.

స్నేహాల విషయంలో నువ్వు అనవసరంగా భయపడుతున్నావు. తొందరగా కలవలేనివాళ్లకు ఇది టూర్ ప్యాకేజీ కంటే వెయ్యి రెట్లు నయం. టూర్‌లో అయితే మాట కల్పించుకోవాలి. ఇక్కడ దుప్పటి ఒక కొస నువ్వు, ఇంకో కొస ఎదుటి అమ్మాయి పట్టుకుని మడత పెడుతుంటే మాట దానంతట అదే వస్తుంది, రాకపోయినా ఇబ్బంది ఉండదు. రెండు రోజులకు వచ్చి పోయే గెస్టులు రాత్రి మంట దగ్గర గిటార్ వాయిస్తూ బాగా కలిసిపోయినట్టు కనిపిస్తారు. వాళ్లతో పోల్చుకుని నాకు రావట్లేదే అని కుంగిపోకు. నెలంతా నీతో ఉండేవాళ్లు వంటాయన, దుప్పట్లు ఉతికే ఆవిడ, ఇంకో వాలంటీర్, రోడ్డు పక్క టీకొట్టు వాళ్లు. ముందు వాళ్ల పేర్లు నేర్చుకో. సిడ్డూ ఎలా చేస్తారో వంటింట్లో అడుగు. పులిసిన గోధుమపిండి మధ్య అక్రోటుల ముద్ద పెట్టి, ఆవిరి మీద ఉడికించి, నెయ్యి పోసుకుని తింటారు. పిండి పులియడానికి గంటలు పడుతుంది, ఆ గంటల్లో ఎంత హిందీ వస్తుందో చూడు. నువ్వూ ఒక పొద్దున ఉప్మా చేసిపెట్టు. సూజీ అంటే రవ్వ ఎక్కడైనా ఇస్తారు. కరివేపాకు మాత్రం దొరకదు, ఇంట్లో నీడన ఎండబెట్టి డబ్బాలో తీసుకెళ్లు.

అమ్మ సంగతి. ఆవిడ టెన్షన్‌లో న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయకు. హాస్టల్లో పనిచేసే ఒక ఆడమనిషితో, ఓనరు భార్య అయినా సరే, అమ్మను వీడియో కాల్‌లో మాట్లాడించు. గది, తలుపు గడియ, బాత్రూమ్ చూపించమను. భాష రాకపోయినా ముఖం చూస్తే అమ్మకు సగం భయం పోతుంది. రోజూ ఏ టైముకు ఫోన్ చేస్తావో చెప్పి, ఆ టైముకే చెయ్. కొండల్లో సిగ్నల్ పోతుంటుందని కూడా ముందే చెప్పు.

ప్రశ్న: నాకు 27. లండన్‌లో మా పిన్ని కొడుకు ఉన్నాడు. విజిటర్ వీసా మీద వెళ్లి, వూఫ్ (WWOOF) అనే సంస్థ ద్వారా పల్లెటూళ్లలో రైతుల పొలం పని చేసి, వాళ్లింట్లోనే ఉండి ఇంగ్లండ్ అంతా చూడాలని ప్లాన్. జీతం తీసుకోను కాబట్టి సమస్య ఉండదు కదా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉంటుందండీ. బ్రిటన్ విజిటర్ వీసా మీద జీతం తీసుకున్నా, తీసుకోకపోయినా పని చేయకూడదు. రిజిస్టరైన ఛారిటీలో అయితే మొత్తం 30 రోజుల వరకు స్వచ్ఛంద సేవ చేయొచ్చు. ఒకరి పొలంలో పడకకు, భోజనానికి బదులుగా కలుపు తీయడం అందులోకి రాదు. అమెరికా టూరిస్ట్ వీసా మీదా అంతే, గది, భోజనం ప్రతిఫలమే అంటారు. ఎయిర్‌పోర్టులో అధికారి మీ ఫోన్ తీసుకుని ఆ రైతుతో మీ మెసేజ్‌లు చదివితే అక్కణ్నుంచే తిప్పి పంపవచ్చు. ఆ మచ్చ మీ తర్వాతి వీసా దరఖాస్తులన్నిటి మీదా పడుతుంది. మీ తమ్ముడింట్లో ఉండి, తిరిగి చూసి రండి, లేదా సరైన వీసా తీసుకోండి.

మీ వయసుకు దారులు ఉన్నాయి. బ్రిటన్ మనవాళ్ల కోసం 2023లో యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ పెట్టింది. 18 నుంచి 30 ఏళ్లవాళ్లకు, డిగ్రీ ఉండాలి, ఖాతాలో 2,530 పౌండ్లు చూపించాలి. ఏడాదికి 3,000 వీసాలు, లాటరీలో తీస్తారు, వస్తే రెండేళ్లు ఉండి పని చేసుకోవచ్చు. లాటరీలో పేరు వేయడానికి పైసా కట్టక్కర్లేదు. అందుకని ఎవరైనా ఏజెంట్ పేరు తీయిస్తానని డబ్బు అడిగితే నమ్మకండి. ఆస్ట్రేలియా కూడా 2024 నుంచి మనవాళ్లకు వర్క్ అండ్ హాలిడే వీసా ఇస్తోంది, సబ్‌క్లాస్ 462. అదీ 18–30 మధ్య వాళ్లకే, ఏడాదికి 1,000, అదీ లాటరీయే.

వూఫ్ మాత్రం నిజంగా అభిమానించదగ్గది. 1971లో లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కాపర్డ్ అనే ఆమె, తనలాంటి పట్నం వాళ్లకు వారాంతంలో పల్లె గాలి తగలాలని ససెక్స్‌లో ఎమర్సన్ కాలేజీ పొలంలో మొదలుపెట్టింది. రైతుకు సాయం, వచ్చినవాళ్లకు పడక, తిండి, నేర్చుకోవడం. అది ఇప్పుడు మన దేశంలో కూడా ఉంది. వీసా గొడవ లేకుండా ముందు ఇక్కడ ఒక సేంద్రియ పొలంలో రెండు వారాలు చేసి చూడండి. నడుం వంచి చేసే పని మీకు పడుతుందో లేదో తెలుస్తుంది. అది పడకపోతే ఇంగ్లండ్‌లోనూ పడదు.

ప్రశ్న: నాకు 52. పిల్లలు స్థిరపడ్డారు, ఆయన పోయి మూడేళ్లయింది. ఎక్కడికైనా వెళ్లి నలుగురిలో ఉండి పని చేయాలనిపిస్తోంది. ఇవన్నీ కుర్రవాళ్లకేనా? మోకాళ్లు కొంచెం ఇబ్బంది.
— ఒక గృహిణి, నంద్యాల

జవాబు: కుర్రవాళ్లకే ఎందుకమ్మా? మన దగ్గర ఇది ఎప్పటినుంచో ఉన్నదే. తిరుమలలో శ్రీవారి సేవ 2000లో మొదలైంది. టీటీడీ వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకుంటే వారం రోజుల సేవ, అక్కడే బస, భోజనం. పదిమంది, పదిహేనుమంది బృందంగా వెళ్లడం మామూలు. మీ వీధిలో వెళ్లొచ్చినవాళ్లు ఎవరో ఒకరు తప్పకుండా ఉంటారు, వాళ్ల బృందంలో చేరండి. వారం రోజులు ఒకే హాల్లో పడుకుని, తెల్లవారుజామున ఒకరినొకరు లేపుకుని డ్యూటీకి పోయేవాళ్ల మధ్య మీరు ఒంటరిగా ఉండమన్నా ఉండలేరు.

కొంచెం దూరం పోదామనుకుంటే పుదుచ్చేరి దగ్గర ఆరోవిల్ పక్కన సాధనా ఫారెస్ట్ ఉంది. బీడు పడ్డ నేల మీద 2003 నుంచి మళ్లీ అడవిని పెంచుతున్నారు, దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు పని చేస్తుంటారు. కానీ అక్కడ పాలు, పెరుగు కూడా వాడరు. పొద్దున కాఫీ, రాత్రి పెరుగన్నం లేకుండా ఉండగలరా, ఆలోచించుకోండి. పడుకునేది గుడిసెల్లో, పని పొద్దున్నే మొదలవుతుంది. మోకాళ్ల ఇబ్బందితో మొదటిసారే అక్కడికి వెళ్లమని నేను చెప్పను.

మొదట తిరుమలకే వెళ్లండి. క్యూలైన్ డ్యూటీ పడితే గంటల తరబడి నిలబడాలి. కూరగాయలు తరిగే పని కూడా ఉంటుంది. మోకాళ్ల సంగతి బృంద నాయకురాలికి బయల్దేరే ముందే చెప్పి, ఆ పని అడగండి. మీ మందులు ఏడు రోజులకు కాకుండా పది రోజులకు సరిపడా పెట్టుకోండి.