సంతాన వైద్యంలో పీజీ: ఎథిక్స్ సగం వృథానా?

మీరు అడిగింది ఇది: బీఎస్సీ బయోటెక్నాలజీ అయిపోయింది, ఎంబ్రియాలజిస్టు (ల్యాబ్‌లో అండాలు, పిండాలు చూసుకునే మనిషి) అవ్వాలని ఉంది, ఇంగ్లండులో సంతాన వైద్యం సైన్సూ ఎథిక్సూ కలిపి చెప్పే ఎమ్మెస్సీ ఒకటి చూశారు, అందులో సగం ఎథిక్సు, చట్టాలేనట, అంత డబ్బు పెట్టి అది చదవడం వృథానా అని.

నేను అలాంటి కోర్సే 2019–20లో చదివాను. దానికి ముందు మూడేళ్లు విజయవాడలో ఒక సంతాన సాఫల్య కేంద్రం ల్యాబ్‌లో జూనియర్‌గా చేశాను. వృథా కాదు. నన్నడిగితే ఆ సగం చదవని వాళ్లను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టకూడదు. ఎందుకంటున్నానో తెలియాలంటే 2017 ఎండాకాలంలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

ఆ రోజు పొద్దున్నే మొదటి పికప్, అంటే అండాలు బయటికి తీయడం, ఒక డోనర్‌ది, వేరే జంటల కోసం అండాలిచ్చే ఆమెది. మా రిజిస్టర్లో డోనర్లకు పేర్లుండేవి కావు, నంబర్లే. థియేటర్‌కూ ల్యాబ్‌కూ మధ్య చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి ట్యూబులు వరసగా వస్తాయి, గోరువెచ్చగా, కొన్ని లేత పసుపు రంగులో, కొన్ని రక్తం కలిసి ఎర్రగా. ఒక్కో ట్యూబూ డిష్‌లోకి ఒంపి మైక్రోస్కోపు కింద వెతకాలి. అండం ఒక్కటే విడిగా కనపడదు. చుట్టూ కణాల జిగురు ఉంటుంది, నానిన సబ్జా గింజలాగా. అది దొరకగానే లెక్క పైకి చెప్పాలి, అవతల డాక్టరుగారికి వినపడేలా. ఒకటి, రెండు, ఐదు, పన్నెండు... 23 దగ్గర ఆగింది. థియేటర్లో ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ అండాలను రెండు జంటలకు పంచారు. నాకూ సంతోషమే అనిపించింది. ఎక్కువ అండాలొస్తే అది మంచి రోజని మాకు అలవాటైపోయింది.

మధ్యాహ్నం అన్నానికి వెళ్తుంటే మెట్ల పక్క బెంచీ మీద ఒకామె కూర్చుని ఉంది. చేతికి ఇంకా కాన్యులా ప్లాస్టరు ఉంది. పాతికేళ్లుంటాయేమో. నన్ను చూసి లేవబోయింది.

"మేడమ్, ఎన్నొచ్చాయండి?"

డోనర్లతో ల్యాబ్ వాళ్లు మాట్లాడకూడదని మాకు గట్టిగా చెప్పారు. "డాక్టరుగారిని అడగమ్మా" అని కిందికి దిగిపోయాను. డాక్టరుగారిని అడిగే అవకాశం ఆమెకు లేదని నాకు తెలుసు. తీసుకొచ్చేదీ తీసుకెళ్లేదీ ఏజెంటే. ఆమె సంతకం చేసిన కాగితాలు నాలుగు పేజీలు, మొత్తం ఇంగ్లీషు. చివర మాత్రం తెలుగులో పేరు, ఒక్కో అక్షరం విడివిడిగా, రెండో తరగతి పిల్లలు రాసినట్టు.

నాలుగో రోజు మళ్లీ వచ్చింది, వాళ్లక్కను తోడు తెచ్చుకుని. కడుపు ఉబ్బిపోయి ఐదో నెల గర్భిణిలా ఉంది, ఊపిరి అందడం లేదు. రిసెప్షన్‌లో ఏజెంటుతో రమ్మన్నారు. వాళ్లక్క అక్కడే గొడవ పెట్టుకోబట్టి విషయం పైదాకా వెళ్లింది, అడ్మిట్ చేసుకున్నారు. మూడు రోజులుంది, కోలుకుంది. ఆ మూడు రోజుల ఖర్చు ఆమెకు ఇస్తామన్న 20,000లో కోసుకున్నారని తర్వాత నర్సు చెప్పింది.

నేను ఎవరినీ ఏమీ అడగలేదు.

రెండేళ్లకు ఇంగ్లండు వెళ్లాను. వెళ్లిన మొదటి వారాల్లోనే గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన ఆమెకు ఐవీఎఫ్‌తో కవలలు పుట్టారన్న వార్త ప్రపంచమంతా తిరిగింది. క్లాసులో అందరూ ఫోన్లు నా ముందు పెట్టి "ఇది మీ ఊరేనా" అని అడిగారు. అక్కడి చట్టంలో తల్లి వయసుకు పై హద్దు లేదు, కానీ చికిత్సకు ముందు పుట్టబోయే బిడ్డ బాగోగులు ఆలోచించి తీరాలి. మన దగ్గర అప్పటికి చట్టమే లేదు. సంతాన సాఫల్య చికిత్సల మీద 2021 చట్టం (ఏఆర్‌టీ చట్టం) వచ్చాక స్త్రీకి 50, పురుషుడికి 55 అని గీత గీశారు.

నవంబరులో అండదానం మీద సెమినార్ జరిగింది. అక్కడ డోనర్‌కు అప్పట్లో ఇచ్చేది 750 పౌన్లు. అది ధర కాదు, ఆమె పడే శ్రమకూ పోయే పనిదినాలకూ పరిహారం అంటారు. ఆ డబ్బు ఆశ పెట్టినట్టవుతుందా అని వాదన. వింటూ వింటూ నాకు ఉండబట్టలేదు, మా డోనర్ సంగతి మొత్తం చెప్పేశాను. ఇరవై వేల రూపాయలు, నాలుగు పేజీలు, మెట్ల పక్క బెంచీ, అన్నీ. ఎవరో ఒకరు పేదరికం గురించి మాట్లాడతారనుకున్నాను. ఆ రోజు మా ఫిజియాలజీ మేడమ్ కూడా వెనక కూర్చున్నారు. ఆవిడ అడిగింది ఒక్కటే. "ట్రిగ్గర్ ఏది ఇచ్చారు?"

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మామూలుగా నెలకు ఒక అండం పక్వమవుతుంది. పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లిస్తే ఒకేసారి చాలా ఫాలికల్స్ (అండాశయంలో అండం ఉండే చిన్న నీటి సంచులు) పెరుగుతాయి. చివర్లో పక్వం పూర్తవడానికి ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు, అదే ట్రిగ్గర్. సుమారు 36 గంటలకు పికప్. ట్రిగ్గర్‌గా హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇస్తే అది ఒంట్లో రోజుల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. ఫాలికల్స్ ఎక్కువున్నవాళ్లకు రక్తనాళాల్లోంచి నీరు కడుపులోకి చేరేది దానివల్లే. అదే ఓహెచ్‌ఎస్‌ఎస్. అగోనిస్ట్ అనే ఇంకో రకం ట్రిగ్గర్ ఉంది. దాని ప్రభావం త్వరగా తగ్గిపోతుంది, ఈ ముప్పు చాలావరకు తప్పుతుంది. సొంతంగా గర్భం మోయబోయే ఆమెకు అదే వారంలో పిండం పెట్టాలంటే అగోనిస్ట్‌తో కొన్ని చిక్కులున్నాయి. డోనర్‌కు ఆ చిక్కు లేదు. ఆమె కడుపులో ఎవరూ పిండం పెట్టరు.

మా డోనర్‌కు ఇచ్చింది హెచ్‌సీజీ. రిజిస్టర్లో ఆ కాలమ్ నింపింది నేనే. ఆ సంగతి సెమినార్‌లో చెబుతుంటే గొంతు వణికింది. ఆమె పేదదని, ఏజెంటు మోసగాడని రెండేళ్లు అనుకుంటూ వచ్చాను. అదంతా నిజమే. కానీ ఆమె కడుపు ఉబ్బింది ఒక మందు వల్ల. ఆ మందు బదులు ఇంకోటి ఇచ్చి ఉండొచ్చు, ఎవరూ ఆలోచించలేదు. ఇందులో ఎక్కడిదాకా సైన్సు, ఎక్కడి నుంచి ఎథిక్సు? నాకైతే విడదీయడం చేతకాలేదు. మీరు "సగం ఎథిక్సే" అని రాసిన చోట నాకు మంట పుట్టింది కూడా అందుకే.

అంకెల గురించి కూడా ఆ కోర్సులోనే ఆలోచించడం నేర్చుకున్నాను. పిండాన్ని ల్యాబ్‌లో 14 రోజులకు మించి పెంచకూడదన్న నియమం మీరు విని ఉంటారు. 1984లో బ్రిటన్‌లో మేరీ వార్నాక్ అధ్యక్షతన ఉన్న ప్రభుత్వ కమిటీ చెప్పిందది. ఆవిడ డాక్టరు కాదు, తత్వశాస్త్రం చెప్పే మనిషి. పదిహేనో రోజు ప్రాంతంలో పిండంలో ప్రిమిటివ్ స్ట్రీక్ అనే గీత కనపడుతుంది, ఆ తర్వాత ఒక పిండం రెండుగా విడి కవలలయ్యే అవకాశం దాదాపు ఉండదు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కారణం కళ్ల ముందుంది, వాదించుకోవచ్చు. మన 2021 చట్టంలో డోనర్ జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు, ఒకరి అండాలు ఒక్క జంటకే ఇవ్వాలి అని ఉంది. 23 తీసిన చేతులతో చెబుతున్నాను, ఆ చట్టం వెనకున్న ఉద్దేశం నూటికి నూరు పాళ్లు మంచిది. కానీ ఏడే ఎందుకో చట్టంలో రాయలేదు. అండాశయం ఏడు దాకా లెక్కపెట్టుకుని ఆగదు. ఎనిమిదో ఫాలికల్‌ను ఏం చేయాలి, వదిలేయడం ఆమెకు మంచిదా కాదా, ఈ ప్రశ్నలు ల్యాబ్‌లో రోజూ వస్తాయి. సైన్సు ఒక్కటే చదివినవాళ్లు ఏడు దాటితే కేసవుతుందా అని అడుగుతారు. చట్టం ఒక్కటే చదివినవాళ్లకు ఆ ఎనిమిదోది కనపడనే కనపడదు.

ఆ కోర్సు మీద నాకు కోపం లేదనుకోకండి. చరిత్ర క్లాసులో ఐవీఎఫ్‌ను సాధించిన ఎడ్వర్డ్స్, స్టెప్టో, మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ 1978 జూలై 25న పుట్టడం, ఎడ్వర్డ్స్‌కు 2010 నోబెల్, అన్నీ చెప్పారు. వాళ్లతో ల్యాబ్‌లో పనిచేసిన జీన్ పర్డీ పేరు కూడా చెప్పారు, సంతోషం. లూయీ పుట్టిన 70 రోజులకే, అక్టోబరు 3న, కోల్‌కతాలో సుభాష్ ముఖోపాధ్యాయ చేతుల మీదుగా పుట్టిన పాప గురించి ఒక్క స్లైడూ లేదు. గడ్డకట్టించి దాచిన పిండాన్ని వాడినాయన ఆయన. ఇక్కడి ప్రభుత్వ కమిటీ నమ్మలేదు, కంటి ఆసుపత్రి విభాగానికి బదిలీ చేశారు, 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో ముంబైలో టెస్ట్ ట్యూబ్ బేబీని సాధించిన బృందంలోని ఆనంద్ కుమార్‌గారే తర్వాత ఆయన కాగితాలు చదివి, ముందు చేసింది ఆయనేనని బయటపెట్టారు. క్లాసులో లేచి ఇదంతా చెప్పాను. మన దగ్గర ఈ వృత్తిలో ఉన్నవాళ్లలోనూ చాలామందికి ఆయన పేరు తెలియకపోవడం నాకు ఇంకా ఎక్కువ బాధ.

ఇక మీరు డబ్బు పెట్టే ముందు ఒకటి తెలుసుకోండి. ఇంగ్లండులో ఎమ్మెస్సీ చేస్తే ఎంబ్రియాలజిస్టు అయిపోరు. అక్కడ ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్య సేవ) వాళ్ల మూడేళ్ల ట్రైనింగ్ వేరే ఉంది, పోటీ విపరీతం. కన్సల్టెన్సీ వాళ్లు ఈ ముక్క చెప్పరు. మాకు ప్రాక్టికల్స్ పంది, ఆవు అండాల మీదే. అవి కూడా 2020 మార్చిలో కోవిడ్‌తో ఆగిపోయాయి, ఫీజు మాత్రం పూర్తిగా కట్టాం. చేతికి పని రావాలంటే మన దేశంలోనే క్లినికల్ ఎంబ్రియాలజీ ఎమ్మెస్సీలున్నాయి. మన 2021 చట్టం కింద వచ్చిన 2022 రూల్స్‌లో ఎంబ్రియాలజిస్టుకు ఏ అర్హతలుండాలో రాసి ఉంది, ఏ కోర్సులో చేరినా ముందు అది చదువుకోండి. పది రోజుల ఇక్సీ (అండంలోకి ఒక్క వీర్యకణాన్ని సూదితో ఎక్కించడం) సర్టిఫికెట్ కోర్సుల జోలికి మాత్రం వెళ్లొద్దు. పదో వంతు మిల్లీమీటరుండే అండాన్ని సూదితో గుచ్చడం పది రోజుల్లో ఎవరికీ రాదు, ఆ నేర్చుకునే అండాలు ఎవరివో కూడా వాళ్లు మీకు చెప్పరు.

ఇప్పుడు నేను వేరే ఊళ్లో, వేరే సెంటర్లో ఉన్నాను. చేరేటప్పుడు ఒక్కటే అడిగాను, డోనర్ల కన్సెంట్ ఫారం తెలుగులో నేను రాస్తానని. మొదట అనువాదకుడు చేసిచ్చిన దాంట్లో "నియంత్రిత అండాశయ ఉద్దీపన" అని ఉంది. మా పిన్నికి చదివి వినిపిస్తే "అదేదో పూజా?" అని అడిగింది. అది కొట్టేసి, "నెలకు ఒక్కటే పక్వమయ్యే గుడ్డు ఈ ఇంజెక్షన్ల వల్ల ఒకేసారి చాలా పక్వమవుతాయి" అని రాశాను. మొత్తం అలాగే తిరగరాయడానికి రెండు నెలలు పట్టింది. పికప్ అయ్యాక లెక్క నేనే వెళ్లి ఆమెకు చెబుతాను. ఎక్కువమంది విని ఊరుకుంటారు. కొందరు ఇంకోసారి చెప్పమంటారు.

మొన్న ఒకామె ఫారమంతా వేలు పెట్టి చదివి, "కడుపుబ్బితే వెంటనే ఫోన్ చేయాలని రాశారు, ఏ నంబరుకో రాయలేదేంటి మేడమ్?" అంది. పెన్ను తీసి అక్కడే నా నంబరు రాసిచ్చాను. కొత్తగా ప్రింట్ చేయించిన ఫారాల్లో అది మొదటి పేజీలోనే ఉంది.