సౌదీ పోలీసులు తీసుకెళ్లిన భర్తను ఇక్కడి కోర్టు విడిపించగలదా?

ప్రశ్న: మా ఆయన రియాద్‌లో డ్రైవర్. అక్కడి ప్రభుత్వాన్ని తిట్టే వీడియో ఫేస్‌బుక్‌లో షేర్ చేశాడని మూడు వారాల క్రితం పోలీసులు రూముకొచ్చి తీసుకెళ్లారట. అప్పట్నుంచి ఫోన్ లేదు. హైదరాబాద్ హైకోర్టులో హెబియస్ కార్పస్ (పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్) వేస్తే విడిపిస్తారా?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: విడిపించలేరమ్మా. మన హైకోర్టు ఉత్తర్వు సౌదీ జైలు మీద చెల్లదు. ఆ పిటిషన్‌కు డబ్బులు పోసుకోకండి.

ఫోన్ రాలేదని మాత్రం చెడు ఊహించుకోవద్దు. సౌదీలో 2017 నాటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద కేసు పెడితే 90 రోజుల దాకా ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా ఉంచవచ్చు. అదే 2007 సైబర్ నేరాల చట్టం ఆరో అధికరణ కిందైతే గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, 30 లక్షల రియాళ్ల జరిమానా. మాట అన్నందుకు మనిషిని ఇలా మాయం చేయడం ఘోరం, ఏ చట్టం పేరు చెప్పినా సరే. బ్రిటన్‌లో పీహెచ్‌డీ చేస్తున్న సల్మా అల్ షెహాబ్‌కు ట్వీట్ల మీదే ఉగ్రవాద నిరోధక చట్టం కూడా పెట్టి 2022లో 34 ఏళ్ల శిక్ష వేశారు. తర్వాత అది తగ్గి, 2025లో ఆమె విడుదలైంది. అందుకే ఏ చట్టం కింద పట్టుకున్నారన్నది మీరు ముందు తెలుసుకోవాలి.

అది మన ఎంబసీ ద్వారానే కుదురుతుంది. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ ప్రకారం ఎంబసీ అధికారులు జైలుకెళ్లి ఆయన్ను కలవవచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయవచ్చు. పాకిస్తాన్ జైల్లో ఉన్న కుల్‌భూషణ్ జాధవ్ కేసులో అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో భారత్ వాదన ఒప్పుకున్నది ఈ అధికరణ మీదే. జాధవ్ కోసం అంత దూరం వెళ్లి వాదించిన ప్రభుత్వం జగిత్యాల డ్రైవర్ కోసమూ కదలాలి. అడగడానికి మొహమాటపడకండి.

ఈరోజే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పాస్‌పోర్టు కాపీ, అకామా (నివాస అనుమతి) నంబరు, కఫీల్ (స్పాన్సర్ యజమాని) పేరు, తీసుకెళ్లిన తేదీ, రూము అడ్రసు అన్నీ ఇవ్వండి. ‘మా ఆయన కనబడటం లేదు’ అని రాసి ఊరుకోవద్దు. ‘పోలీసులు అరెస్టు చేశారు, కాన్సులర్ యాక్సెస్ కావాలి’ అని రాయండి, అంటే ఎంబసీ అధికారులు ఆయన్ను కలవాలని. ఎక్కడ ఉంచారు, ఏ చట్టం, ఏ కోర్టు అన్న మూడింటికీ జవాబు కోరండి. ఉగ్రవాద కేసులు విచారించే స్పెషలైజ్డ్ క్రిమినల్ కోర్టు అన్నారంటే లాయర్ విషయంలో ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఫీజు కట్టే స్థోమత లేకపోతే భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయం ఇమ్మని ఎంబసీకి దరఖాస్తు పెట్టవచ్చు.

ఎంబసీ ఉలకకపోతే అప్పుడు హైకోర్టుకు రండి. కాన్సులర్ సాయం అందించేలా విదేశాంగ శాఖను ఆదేశించమని మన రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్ వేద్దాం.

ఈలోపు ఆయన ఫేస్‌బుక్ ఖాతాను ఎవరూ తెరవొద్దు. ఆ వీడియోను గల్ఫ్‌లో ఉన్న బంధువులకు అస్సలు పంపొద్దు.