చిన్న బండిపై దూర ప్రయాణం: చిటికెన వేలి తిమ్మిరిని తేలిగ్గా తీసుకోవద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 48 ఏళ్లు. ఆరేళ్లుగా మధుమేహం ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. నా 110 సీసీ మోటార్‌సైకిల్ మీద ఆరు రోజుల్లో 1,800 కిలోమీటర్లు తిరిగి రావాలని చాలాకాలంగా కోరిక. అలవాటు అవుతుందని గత నెలలో ఒకే రోజు 220 కిలోమీటర్లు వెళ్లి వచ్చాను. దారిలో ఒక్కసారే ఆగాను. ఇంటికి చేరేసరికి కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కాయి. మర్నాటి సాయంత్రానికి గానీ తగ్గలేదు. నడుము పట్టేసింది. కూర్చునే భాగం కూడా కాసేపు మొద్దుబారింది. చిన్న బండి కావడం వల్లే ఇలా అయిందా? ప్రయాణం మానుకోవాలా?

జవాబు: మీ ప్రయాణం మానుకోవలసిన కారణమేదీ మీరు రాసినదాంట్లో నాకు కనిపించలేదు. కానీ కొన్నాళ్లు వాయిదా వేసుకోవలసిన కారణం మాత్రం ఒకటి ఉంది. అది మీ చిటికెన వేలు.

బండి చిన్నది కావడం కొంతవరకు కారణమే. ఒకే సిలిండర్ ఉన్న చిన్న ఇంజన్ పెద్ద రోడ్డు మీద గంటల తరబడి దాదాపు తన పూర్తి శక్తితో పనిచేయవలసి వస్తుంది, ఆ సన్నని అదురు హ్యాండిల్ గుండా అరచేతికి, సీటు గుండా నడుముకు ఆగకుండా చేరుతూనే ఉంటుంది. బండి తేలికగా ఉండటం వల్ల పెద్ద వాహనం పక్కనుంచి దూసుకుపోయినప్పుడల్లా గాలికి ఊగుతుంది, మీరు తెలియకుండానే హ్యాండిల్‌ను మరింత బిగించి పట్టుకుంటారు. అయితే నా దృష్టిలో అసలు కారణం 220 కిలోమీటర్లలో మీరు ఒక్కసారే ఆగడం. అదే దూరం ఐదుసార్లు ఆగి వెళ్లి ఉంటే ఈ ఉత్తరం బహుశా రాసి ఉండేవారు కాదు.

ఇక వేళ్ల సంగతి. చిటికెన వేలికి, ఉంగరపు వేలిలో సగానికి స్పర్శ తెచ్చేది అల్నార్ నరం. ఇది మోచేతి లోపలి వైపు ఎముక వెనకగా దిగి, మణికట్టు దగ్గర అరచేతి అడుగున, చిటికెన వేలి వైపు ఉండే కండ కింద నుంచి వేళ్లలోకి వెళ్తుంది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకున్న కుడిచేయి మణికట్టు దగ్గర వెనక్కి వంగి, ఒంటి బరువంతా సరిగ్గా ఆ కండ మీదే పడుతుంది. అందుకే తిమ్మిరి మీ కుడిచేతికే వచ్చింది. నరం ఎక్కడ నలిగిందో మీరే కొంత గమనించవచ్చు. మళ్లీ తిమ్మిరి వస్తే చిటికెన వేలు లోపలి వైపుతో పాటు అరచేతి వెనక, ఆ వేలి పైభాగాన కూడా స్పర్శ తగ్గిందేమో తాకి చూడండి. వెనక వైపు మామూలుగా ఉండి లోపల మాత్రమే మొద్దుబారితే ఒత్తిడి మణికట్టు దగ్గర ఉండే అవకాశం ఎక్కువ, రెండు వైపులా ఉంటే మోచేతి దగ్గర అనుమానించాలి. తర్వాత ఒక కాగితాన్ని బొటనవేలికీ చూపుడు వేలి పక్క భాగానికీ మధ్య పట్టుకుని, మరొకరిని లాగమనండి. కాగితం జారకుండా ఆపడానికి మీ బొటనవేలి చివరి కణుపు దానంతట అదే వంగిపోతుంటే, స్పర్శే కాదు, చేతి కండరాల బలం కూడా తగ్గుతోందని అర్థం. అప్పుడు ప్రయాణం మాట పక్కన పెట్టి వెంటనే న్యూరాలజీ వైద్యుడిని కలవండి.

తిమ్మిరి పది, పదిహేను నిమిషాల్లో పోతే నేను ఇంతగా చెప్పేవాడిని కాదు. మీకు ఒక రోజు పట్టింది, పైగా మధుమేహం ఉంది. మధుమేహంలో నరాలు ఒత్తిడికి తొందరగా దెబ్బతింటాయి, కోలుకోవడం ఆలస్యమవుతుంది. కాబట్టి బయల్దేరే ముందు కనీసం రెండు వారాలు ఆ వేళ్లలో ఏ తేడా లేకుండా గడవాలి. ఆలోగా మూడు నెలల సగటు చక్కెర తెలిపే హెచ్‌బీఏ1సీ, కంటి రెటీనా, పాదాల స్పర్శ పరీక్షలు చేయించుకోండి. తిమ్మిరి తిరిగి వస్తుంటే నరాల వేగాన్ని కొలిచే పరీక్ష కూడా అవసరమవుతుంది.

బండి మీద చేయవలసిన మార్పులు చిన్నవే. బ్రేక్, క్లచ్ లీవర్లను కాస్త కిందికి దించి, వేళ్లు చాపినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే వరుసలో ఉండేలా మెకానిక్‌తో సర్దించుకోండి. హ్యాండిల్ చివర్లలో బరువులు అమర్చితే అదురు చాలా బండ్లలో తగ్గుతుంది. మెత్తని అరచేయి ఉన్న గ్లవ్స్ వాడండి, బిగుతైనవి వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఒంటి బరువును చేతుల మీద మోపకుండా, తొడలతో ట్యాంకును పట్టి కూర్చోవడం. చేతులు బండిని నడపడానికే గానీ మిమ్మల్ని మోయడానికి కాదు.

నడుము పట్టేయడానికి, కూర్చునే భాగం మొద్దుబారడానికి మందు కూడా ఆగడమే. గంటకోసారి బండి దిగి ఐదు నుంచి పది నిమిషాలు నడవండి, నడుమును వెనక్కి వంచండి, మడమలెత్తి దించండి. పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గడానికి కూడా ఇది మంచిది. వీపుకు బరువైన సంచి తగిలించుకోవద్దు, సామాను వెనక సీటుకు కట్టండి. అయితే ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. సీటు ఒత్తిడి వల్ల వచ్చిన మొద్దుదనం దిగి నడిస్తే నిమిషాల్లో పోతుంది. అలా పోకుండా, మర్మాంగాల చుట్టూ స్పర్శ తెలియకపోవడం, మూత్రం బిగబట్టినట్టు రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం కనిపిస్తే అది వెన్ను చివర నరాల కట్ట నలిగిన అత్యవసర స్థితి. ఎక్కడ ఉన్నా సరే, బండి అక్కడే వదిలి, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చేరాలి.

మీ విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది గ్లిమెపిరైడ్. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే పడిపోతుంది. చక్కెర పడిపోయే ముందు శరీరం చెమట, వణుకు, ఆకలి, గుండెదడతో హెచ్చరిస్తుంది. బండి మీద ఆ హెచ్చరికలు మీకు అందవు. చెమట గాలికి ఆరిపోతుంది, వణుకు ఇంజన్ అదురులో కలిసిపోతుంది, గుండెదడ రోడ్డు ఉత్కంఠ అనిపిస్తుంది. అందుకే గ్లూకోమీటర్ వెంట ఉండాలి. బయల్దేరే ముందు, ఆ తర్వాత రెండు గంటలకోసారి చూసుకోవాలి. చక్కెర 90 (మి.గ్రా./డె.లీ.) కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని, పెరిగిందని చూసుకున్నాకే ఎక్కండి. 70 కన్నా తక్కువైతే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలకు మళ్లీ చూసి, అవసరమైతే మరోసారి తీసుకోండి. చక్కెర మామూలు స్థాయికి వచ్చాక కూడా 45 నిమిషాలు బండి నడపవద్దు. రక్తంలో చక్కెర సర్దుకున్నంత త్వరగా మెదడు చురుకుదనం తిరిగి రాదు. గ్లూకోజ్ వెనక సంచి అడుగున కాదు, జాకెట్ పై జేబులో ఉండాలి. ప్రయాణ దినాల్లో గ్లిమెపిరైడ్ మోతాదు మార్చాలా అన్నది మీ డాక్టర్‌తో ముందే మాట్లాడండి, సొంతంగా మాత్రం మార్చకండి. దారిలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మెట్‌ఫార్మిన్ కొనసాగించాలా వద్దా అని కూడా అప్పుడే అడిగి ఉంచుకోండి.

రోజూ రాత్రి బూట్లు విప్పగానే పాదాలు, కాలివేళ్ల సందులు, సైలెన్సర్ వైపు ఉండే పిక్క చూసుకోండి. స్పర్శ తగ్గిన కాలికి పొక్కు లేచినా, కాలినా నొప్పి తెలియదు.

నీళ్ల విషయంలో దాహం వేసేవరకు ఆగవద్దు. ఆగిన ప్రతిసారీ కొంచెం తాగండి, మూత్రం ముదురు పసుపుగా ఉంటే సరిపోవడం లేదని గుర్తు. గాలి వేడి 35 డిగ్రీలు దాటాక ఎదురుగాలి మీ చర్మానికి వేడినే అందిస్తుంది, కాబట్టి ఉక్కపోతగా ఉందని జాకెట్ విప్పేయడం కన్నా లోపలి చొక్కా తడుపుకుని, గాలి ఆడే జాకెట్ పైన వేసుకోవడం మేలు.

నిద్ర గురించి కూడా చెప్పాలి. 17 గంటలు మేలుకుని ఉన్నవాడి స్పందన, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్పందనతో సమానంగా మందగిస్తుందని పరిశోధనలు తేల్చాయి. మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య, తెల్లవారుజామున శరీరం సహజంగానే మగతలోకి జారుతుంది. ఒక కిలోమీటరు ఎలా గడిచిందో గుర్తు లేదంటే మీరు అప్పటికే కునుకు తీశారని అర్థం, ఆగి 15, 20 నిమిషాలు పడుకోండి. జలుబుకు, ఎలర్జీకి వాడే మాత్రలు చాలావరకు మత్తు తెచ్చేవే, అడగకుండా వేసుకోవద్దు. హెల్మెట్‌లో గాలి హోరు చెవికి హాని చేసే 85 డెసిబెల్స్‌ను దాటుతుంది, ఇయర్ ప్లగ్స్ పెట్టుకుంటే అలసట కూడా తగ్గుతుంది.

చివరిగా మీ లెక్క. ఆరు రోజుల్లో 1,800 అంటే రోజుకు 300 కిలోమీటర్లు. మీ బండి మీద గంటకు సగటున 40 నుంచి 45 వేసుకున్నా ఏడు గంటలు సీటు మీదే గడుస్తుంది, నేను చెప్పిన విరామాలు కలిపితే ఎనిమిది దాకా అవుతుంది. మీ నరాలకు అది ఎక్కువ. రోజుకు 200 చొప్పున తొమ్మిది రోజులు పెట్టుకుని, నాలుగో రోజు తర్వాత ఒక రోజు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి, అంటే మొత్తం పది రోజులు. సెలవు ఆరు రోజులే దొరికితే దూరం తగ్గించుకోండి. లీవర్లు సర్దించుకుని, గంటకోసారి ఆగుతూ ముందుగా 150 కిలోమీటర్లు వెళ్లి రండి. ఆ రాత్రి పడుకునేలోగా చిటికెన వేలు మామూలుగా ఉంటే, పరీక్షల ఫలితాలు చూపించి మీ డాక్టర్‌తో ప్రయాణ తేదీ ఖరారు చేసుకోండి.