మాడ్రిడ్ వెళ్తే నాలుక తిరుగుతుందా?

ప్రశ్న: మేడమ్, మాది కావలి. సెప్టెంబరులో చదువుకు మాడ్రిడ్ వెళ్తున్నాను. ఆరు నెలలుగా ఫోన్‌లో యాప్ పెట్టుకుని స్పానిష్ నేర్చుకుంటున్నా, ఉచ్చారణ మాత్రం కుదరడం లేదు. అక్కడికెళ్తే అదే వస్తుందిలే, ఇక్కడ ట్యూషన్ దండగ అంటాడు మా అన్నయ్య. నిజమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: సగం నిజం. మా నెల్లూరు మామయ్య మద్రాసులో ఇరవై ఏళ్లు బట్టల కొట్టు నడిపాడు. చివరిదాకా ఆయన 'వాళైప్పళం' (తమిళంలో అరటిపండు) అన్నప్పుడు, తమిళుల ప్రత్యేకమైన పలుకు రాక, వినిపించేది మన ళకారమే. చుట్టూ మన ఊరివాళ్లేనాయె! కొట్లో పనిచేసే కుర్రాడికి మాత్రం ఏడాదికే తమిళ పలుకు పట్టుబడింది. తప్పు పలికితే బేరానికొచ్చిన ఆడవాళ్లు నవ్వి, మళ్లీ అనిపించేవారు.

స్పెయిన్ వెళ్లి చదివిన అమెరికన్ విద్యార్థులనూ, అమెరికాలో తరగతి గదిలోనే నేర్చుకున్నవాళ్లనూ మాన్యుయెల్ డియాస్-కాంపోస్ అనే పరిశోధకుడు పోల్చి చూశాడు. ఆ పరిశోధన 2004లో అచ్చయింది. ప, త, క ఇద్దరికీ మెరుగయ్యాయి. అచ్చుల మధ్య మెత్తబడే బ, ద, గ మాత్రం ఇద్దరినీ ఇబ్బంది పెట్టాయి. విమానం ఎక్కినంత మాత్రాన పని జరగలేదన్నమాట.

మీ చిక్కు ఇంకోటి అనుకుంటా. ఇంగ్లిష్ అక్షరాలు కంటపడగానే మన నోరు 'టోడో' అనేస్తుంది. స్పానిష్‌లో అది 'తోదో', అంటే 'అంతా'. త పలికేటప్పుడు నాలుక పళ్లకు తగలాలి, తర్వాతి ద గాలి జారేంత మెత్తగా ఉండాలి. అలాగే 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క. అమెరికన్లు కుస్తీ పట్టే ఆ 'ర్ర' మన గుర్రంలో, కర్రలో ఉంది కదా! పుట్టుకతో వచ్చినదాన్ని స్పెల్లింగ్ దగ్గర పోగొట్టుకుంటున్నాం, అదే నా బాధ.

అందుకని ముందు తెర చూడకుండా వినండి. విన్నది తెలుగులో రాసుకున్నాకే స్పెల్లింగ్ చూడండి. మీ గొంతు రికార్డు చేసి, అసలుదాని పక్కన పెట్టి వినండి. ట్యూషన్‌లో చేరేముందు ఒక్కటి అడగండి: తప్పు పలికితే ఆపి సరిచేస్తారా? బోర్డు మీద క్రియాపదాలు రాయించి పంపేస్తే మీ అన్నయ్య మాటే రైటు.

మాడ్రిడ్‌లో తెలుగు పిల్లలతో గది తీసుకోవద్దని చెప్పను, అద్దెల సంగతి నాకూ తెలుసు. కూరగాయలు మాత్రం సంతలో అడిగి కొనండి. సూపర్ మార్కెట్‌లో అయితే నోరు తెరిచే పనే ఉండదు. మాడ్రిడ్‌లో మగవాళ్లు 'అలసిపోయాను' అనడానికి వాడే 'కన్సాదో'లో ద మింగేసి 'కన్సావో' అంటారు. యాప్ తప్పు నేర్పిందని టెన్షన్ పడకండి.