ఒకే బరువు, ఒకే డోసు... నాకే విటమిన్ డి ఎందుకు పెరగలేదు?

మీరూ మీ స్నేహితురాలూ ఒకే బరువు, మూడు నెలలు ఒకే డోసు వేసుకున్నారు, అయినా ఆమెకు పెరిగి మీకు పెరగలేదన్నారు. నాకూ మా అక్కకూ అచ్చం ఇదే జరిగింది. ఇద్దరం 78 కిలోలు. మొదట్లో రక్తపరీక్షలో విటమిన్ డి నాకు 11 (మిల్లీలీటరుకు నానోగ్రాములు), తనకు 12. మూడు నెలలయ్యాక తనది 33, నాది 18. మాత్రలు ఎగ్గొట్టి ఉంటానని అక్క అనుమానం. ఖాళీ స్ట్రిప్పులు చూపిస్తే గానీ నమ్మలేదు!

డాక్టరు నా బరువు జోలికే పోలేదు. సొరుగులోంచి టేపు తీసి, బొడ్డు మీదుగా చుట్టి, రిపోర్టు మూలన 41 అంగుళాలు అని రాశారు. అక్కకు చూస్తే 35. తన కొవ్వంతా తుంటి, తొడల దగ్గర. నాది మొత్తం పొట్టే.

విటమిన్ డి కొవ్వులో కరిగే రకం. మింగిన దాంట్లో కొంత కొవ్వు కణజాలంలో చేరి, రక్తంలోకి నెమ్మదిగా వస్తుంది. 2000లో వచ్చిన ఒక పరిశోధనలో ఊబకాయం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకే మోతాదులో అతినీలలోహిత కాంతి ఇచ్చారు. విటమిన్ డి తయారయ్యేందుకు చర్మంలో ఉండే ముడిసరుకు ఇద్దరిలోనూ దాదాపు సమానమే, కానీ ఊబకాయం ఉన్నవాళ్ల రక్తంలో విటమిన్ డి పెరుగుదల 57 శాతం తక్కువ.

ఇక పొట్ట సంగతి. కొవ్వు ఉత్త గోదాము కాదు. దాని కణాల్లో విటమిన్ డిని అందుకునే గ్రాహకాలూ, దాన్ని మార్చే ఎంజైములూ ఉంటాయి. ఊబకాయంలో చర్మం కింది కొవ్వులో ఆ ఎంజైముల్లో కొన్ని తగ్గినట్టు చూశారు. పేగుల చుట్టూ పేరుకునే కొవ్వులో లోలోపలి వాపు (ఇన్‌ఫ్లమేషన్) లక్షణాలు ఎక్కువ, అది ఎక్కువున్నవాళ్లలో విటమిన్ డి తక్కువగా కనిపించడం మామూలే. అందుకే బరువు ఒకటే అయినా లెక్క ఒకటి కాదు. అలాగని నా కేసులో తప్పంతా పొట్టదేనని ఒట్టేసి చెప్పలేను, అక్క రోజూ ఎండలో నడుస్తుంది, నేను నడవను.

విటమిన్ డి వేసుకుంటే పొట్ట కరుగుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో చాలావాటిలో బరువు తగ్గలేదు.

ఊబకాయం ఉన్నవాళ్లకు రెండు మూడు రెట్లు డోసు కావాలని అమెరికాలో హార్మోన్ల నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2011లో ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. కానీ సొంతంగా పెంచేయకండి, మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. నాకు డాక్టరే పెంచి, ఖాళీ కడుపుతో కాకుండా భోజనంతో వేసుకోమన్నారు. మరో మూడు నెలలకు 29 వచ్చింది. నడుము మాత్రం అర అంగుళమే తగ్గింది.