చనిపోయినవారికి ధర ఎక్కడిది?

ప్రశ్న: రష్యన్ రచయిత గోగోల్ నవల ‘మృతజీవులు’ ఈ మధ్య చదివాను. చిచికోవ్ చనిపోయిన రైతులను కొంటూ తిరగడం నవ్వు తెప్పించింది గాని, అందులో అతనికి లాభమేమిటో బోధపడలేదు. మా తాత పోయి ఇరవై ఏళ్లు దాటినా అడంగల్‌లో ఇప్పటికీ ఆయన పేరే నడుస్తున్నది. ఇదీ అలాంటిదేనా? ఆ లెక్క ఎప్పుడు ఆగింది?
– ఒక పాఠకుడు, గుత్తి, అనంతపురం జిల్లా

జవాబు: పోలిక బాగుంది గాని, మన అడంగల్ నేల లెక్క. 1800లో దత్తమండలాలు కుంఫిణీ వశమైన తరువాత అనంతపురం కేంద్రంగా కలెక్టరు మన్రో చేయించిన సర్వే పొలం పొలానికీ శిస్తు కట్టింది. ఆ వరుసలోనే మీ తాతగారి పేరు భూమిని అంటిపెట్టుకుని ఉన్నది. రష్యాలో జారు చక్రవర్తి మొదటి పీటర్ కాలం నుంచి, జమీందారుల సొత్తుగా ఉన్న రైతుల పన్ను తల మీద పడింది. లెక్క రాసేవారు మగవారిని మాత్రమే ఎంచి, ఒక్కొక్కరిని ఒక ‘దుషా’గా రాసుకున్నారు. ఆ మాటకు ఆత్మ అని అర్థం. జమీందారు కలిమిని చెప్పవలసి వస్తే ఆయనకు ఎన్ని ఆత్మలున్నాయో చెప్పేవారు.

ఒక లెక్కకూ మరో లెక్కకూ నడుమ ఏళ్లు గడిచేవి. ఈలోగా రైతు చనిపోయినా కాగితం మీద బతికే ఉండేవాడు, అతని పన్ను భారం జమీందారు మీదే ఉండేది. అలాంటివారిని కారుచౌకగా కొని, ఖెర్సోన్ ప్రాంతంలో ఉచితంగా దొరికే భూములకు తరలించినట్టు చూపి, ప్రభుత్వ రుణసంస్థలో తలకు 200 రూబుళ్ల చొప్పున తాకట్టు పెట్టాలని చిచికోవ్ ఎత్తు. బతికున్న రైతులను తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోవడం ఆనాడు చట్టసమ్మతమే. నాకు మాత్రం అతని మోసం కన్నా ఆ చట్టమే ఎక్కువ భయం కలిగిస్తుంది.

బేరాల ఘట్టాలు మరోసారి చదవండి. సొబకేవిచ్ అనే జమీందారు చనిపోయిన వడ్రంగినీ, బండ్లు చేసేవాడినీ, చెప్పులు కుట్టేవాడినీ వారి పనితనం పొగుడుతూ తలకు వంద రూబుళ్లు అడిగి, చివరకు రెండున్నరకు దిగుతాడు. పట్టికలో పేరుగా మిగిలిన మనిషికి ఆ బేరగాడి పొగడ్తలోనే ప్రాణం వస్తుంది. కొరోబోచ్కా అనే జమీందారిణి పద్దెనిమిది మందిని పదిహేను రూబుళ్లకు ఇచ్చి, నష్టపోయానేమోనన్న బెంగతో చనిపోయినవారి ధర వాకబు చేయడానికి పట్నానికి బండి కట్టిస్తుంది. రష్యన్‌లో ఈ నవల పేరుకు ‘చనిపోయిన ఆత్మలు’ అని అర్థం; ఆత్మకు చావెక్కడిదని మాస్కో సెన్సారు ఆ పేరుకే అభ్యంతరం చెప్పినట్టు గోగోల్ ఒక ఉత్తరంలో రాశాడు. 1842లో నవల ‘చిచికోవ్ సాహసాలు’ అన్న మాటను ముందు తగిలించుకుని వెలువడింది.

ఇక మీ చివరి ప్రశ్న. ఇలాంటి లెక్కల్లో ఆఖరిదైన పదవది 1857లో మొదలైంది, 1861లో రైతులకు విముక్తి ప్రకటించారు. అయితే తమకు దక్కిన నేల వెలను ప్రభుత్వానికి 49 ఏళ్ల వాయిదాల్లో వారే తీర్చాలన్నారు. ఆ వసూలు 1907లో గాని ఆగలేదు. టాల్‌స్టాయ్ నవల ‘అన్నా కరేనినా’లో జమీందారు లేవిన్ ఎంత మంచిగా మాట్లాడినా రైతులు అతనిని ఎందుకు నమ్మరో ఈ బాకీని దృష్టిలో ఉంచుకుని చదివితే తెలుస్తుంది.