గంటకు 2 టన్నుల బాయిలర్‌కి బొగ్గు, నీళ్లు ఎంత కావాలి?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో పెట్టబోయే యూనిట్‌కి, 10 బార్ ఆవిరితో, లెక్క అడిగారు. 10 బార్ దగ్గర కిలో ఆవిరిలో వేడి సుమారు 664 కిలో కేలరీలు. ఫీడ్ వాటర్ (బాయిలర్‌లోకి ఎక్కించే నీళ్లు) 60 డిగ్రీలుంటే అందులో 60 ముందే ఉన్నట్టు, మిగతా 604 బాయిలర్ ఇవ్వాలి. 2,000 × 604 = 12.08 లక్షలు. బొగ్గు జీసీవీ (కిలో కాలిస్తే వచ్చే మొత్తం వేడి) 4,000, ఎఫిషియెన్సీ 75 శాతం అనుకుంటే కిలోకి దక్కేది 3,000. అంటే గంటకు 403 కిలోలు. అదే నీళ్లు 30 డిగ్రీలకే ఎక్కిస్తే 423.

నేమ్‌ప్లేట్ మీద 'ఎఫ్ అండ్ ఏ 100' అని ఉంటే మాత్రం జాగ్రత్త. అది 100 డిగ్రీల నీళ్లని 100 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి, కిలోకి 540 లెక్కన వేసిన రేటింగ్. ఈ పరిస్థితుల్లో నిజంగా వచ్చేది 1,790 కిలోలే.

నీళ్ల దగ్గరే చాలామంది తప్పుతారు. కండెన్సేట్ (ఆవిరి చల్లబడి మారిన నీళ్లు) 60 శాతం వెనక్కొస్తే మేకప్ (కొత్తగా కలిపే నీళ్లు) గంటకు 800 లీటర్లు చాలనుకుంటారు, బ్లోడౌన్ (లవణాలు పేరుకున్న నీళ్లని బాయిలర్ నుంచి బయటికి వదలడం) మర్చిపోతారు. బాయిలర్ డ్రమ్‌లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) హద్దు 3,500 పీపీఎం, మేకప్ నీళ్లది 300 అయితే గంటకు బ్లోడౌన్:

800 × 300 ÷ (3,500 − 300) = 75 లీటర్లు

మొత్తం మేకప్ 875. సముద్రానికి దగ్గరి బోరులో టీడీఎస్ 1,000 ఉందనుకోండి, బ్లోడౌన్ 320కి ఎగబాకుతుంది, మేకప్ 1,120. సాఫ్ట్‌నర్ ఉందిగా అంటారు. అది కాఠిన్యాన్ని తీస్తుంది, టీడీఎస్‌ని కాదు. దానికి ఆర్‌ఓ లాంటిది కావాల్సిందే. బ్లోడౌన్ తగ్గిస్తే నీళ్లు నురగ కట్టి ఆవిరితో పాటు లైన్లోకి పోతాయి. ఆ బ్లోడౌన్‌తో పోయే వేడికి బొగ్గు అదనం.